శివారు కాలువ మీద రాజకీయ కార్టూన్: రఫ్ నుంచి అచ్చుకి పంపే ఫైల్ దాకా ఎలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. జిల్లాలో వచ్చే ఒక పక్షపత్రికకి రాజకీయ కార్టూన్ వెయ్యాలి. మూడు కాలమ్‌ల వెడల్పు, అంటే 12 సెంటీమీటర్లు. ఎత్తు 9. నలుపు తెలుపే, మామూలు న్యూస్‌ప్రింట్ మీద.

విషయం వంశధార ఎడమ కాలువ శివారు ఆయకట్టు. గొట్టా దగ్గర నీరు వదిలామని ప్రకటన వస్తుంది, పలాస, వజ్రపుకొత్తూరు వైపు చివరి మడికి తడి తగలదు.

రఫ్‌లో ఇవి ఉన్నాయి: గొట్టా బ్యారేజీ, గేటు ఎత్తుతున్న నాయకుడు, వెనక చప్పట్లు కొడుతున్న నలుగురు, కాలువలో ‘నిర్లక్ష్యం’ అని రాసిన మొసలి, చివర నలుగురు రైతులు, మూలన జిల్లా మ్యాపు. రైతు మాట ఇది: “అయ్యా, ప్రతి ఏడాదీ శివారు భూములకి నీరిస్తామని చెప్తారు గానీ మా పొలాలకి ఇంతవరకూ ఒక్క చుక్క కూడా రాలేదు, ఈ ఏడాదైనా వస్తాదా?”

అడగాల్సినవి: ఐడియా ఇలా ఉంటే చాలా? ఏ సైజులో గియ్యాలి, ఏ పెన్ను? అచ్చయ్యేసరికి సన్న గీతలు తెగుతున్నాయి, దట్టంగా గీసిన చోట మసి ముద్ద అవుతోంది. ఎందుకు?

కోట_జంక్షన్ (విజయనగరం)

గట్టు గారూ, పెన్ను సంగతి తర్వాత. ముందు బొమ్మలో జనం ఎక్కువైపోయారు. నాయకుడు ఒకటి, చప్పట్లు నాలుగు, మొసలి, రైతులు నలుగురు, బ్యారేజీ, మ్యాపు. మొత్తం పన్నెండు. మీకున్నది 12 సెంటీమీటర్లు. మనిషికో సెంటీమీటరు పంచుకుంటే పెళ్ళి గ్రూప్ ఫోటో అవుతుంది.

బొమ్మ గియ్యకముందు విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. పోలికలు, అలంకారాలు వద్దు. మీ విషయానికి ఆ వాక్యం: “నీళ్ళు ప్రకటనలో ఉన్నాయి, కాలువలో లేవు.” ఇది రాయలేకపోతే విషయం మీకే తేలలేదని అర్థం, అప్పుడు ఎన్ని బొమ్మలు గీసినా లాభం లేదు. రాశాక, వాక్యంలో రెండు ముక్కల్నీ కలిపి మోసే వస్తువు ఒకటి వెతకాలి. ప్రకటనా ఉండాలి, నీళ్ళూ ఉండాలి. మన ఊళ్ళలో అది ఫ్లెక్సు.

తర్వాత కాగితం మీద అగ్గిపెట్టెంత గళ్ళు ఒక పది గియ్యండి. వెడల్పు ఎత్తుల నిష్పత్తి అచ్చులో ఉండేదే, 4కి 3. ఒక్కో గడికి రెండు నిమిషాలు, ముఖాలూ వేళ్ళూ వద్దు, ఆకారాలు చాలు. మొదటి మూడు గళ్ళలో అందరికీ తట్టేవే వస్తాయి: మొసలి, కుర్చీ, చుక్క కారని కుళాయి, ఎన్నికలప్పుడు దిగే నాయకుల్ని తేలినీలాపురం పక్షులతో పోల్చడం. (ఆ పక్షులు ఏటా తప్పకుండా వస్తాయి. పోలిక వాటికే అవమానం.) అవి గీసి పక్కన పెట్టండి, ఆరో ఏడో గడిలో పనికొచ్చేది దొరుకుతుంది.

మొసలి మీద ‘నిర్లక్ష్యం’ అని రాయాల్సి వచ్చిందంటే ఆ మొసలి తన పని తాను చెయ్యట్లేదు. అక్షరాలు నిజంగా ఎక్కడ ఉంటాయో అక్కడే రాయండి: ఫ్లెక్సు, ఆఫీసు బోర్డు, ఫైలు, బస్సు బోర్డు, గోనెసంచి. జంతువు పొట్ట మీద, మనిషి చొక్కా మీద రాస్తే చదివేవాడికి పాఠం చెప్పినట్టుంటుంది.

నా సూచన: ఎండి బీటలు వారిన కాలువలో రెండు సరుగుడు కర్రలకి కట్టిన పెద్ద ఫ్లెక్సు. దాని నిండా ఉరకలేస్తున్న నీళ్ళ బొమ్మ, పైన “చివరి మడికీ నీరు!”, మూలన దండం పెడుతున్న నాయకుడు. ఫ్లెక్సు అడుగు అంచున రైతు బిందె పెట్టి కూర్చున్నాడు. గట్టు మీద ఇంకొకడు: “నిండిందేటి?”

బ్యారేజీ, మొసలి, చప్పట్లు, మ్యాపు ఎగిరిపోయాయి. పద్దెనిమిది మాటల డైలాగు ఒక్క మాట అయింది. కన్ను ఎడమ పైనుంచి కుడి కిందకి దిగుతుంది గనక ఫ్లెక్సు ఎడమన పెద్దగా, రైతు కుడి కింద. ముందు రైతు కనపడి తర్వాత ఫ్లెక్సు కనపడితే నవ్వు తిరగబడుతుంది. అందుకే అతని ఎత్తు ఫ్లెక్సు ఎత్తులో సగం దాటకూడదు.

ఇంకో సంగతి, మీది పక్షపత్రిక. ఫలానా రోజు ఫలానాయన అన్న మాట మీద కార్టూన్ కడితే అచ్చయ్యేసరికి జనం మర్చిపోతారు. దినపత్రిక పాకెట్ కార్టూన్‌కి అది చెల్లుతుంది, మీకు చెల్లదు. పదిహేను రోజులు నిలిచే పరిస్థితినే పట్టుకోండి.

ఉద్దానం_కొబ్బరి (పలాస వైపు)

ఐడియా బాగుంది గానీ బిందె దగ్గర తప్పు పోయింది కోట గారూ. బిందె పెడితే తాగునీటి సమస్య అయిపోతాది. ఉద్దానంలో తాగునీరంటే కిడ్నీ జబ్బుల సంగతి, అది వేరే కార్టూను. ఇక్కడ సాగునీరు కదా. రైతు చేతిలో పార ఉండాలి. ఫ్లెక్సు అడుగు నుంచి తన మడి దాకా పిల్లకాలువ తవ్వేసి, పార మీద చెయ్యేసి నిలబడి చూస్తున్నాడు. గట్టు మీద బావమరిది అడుగుతాడు: “పారిందేటి బావా?”

మడికి నీరు పారడం మన మాటే, చేతిలో ఉన్నదీ పారే.

కొబ్బరిచెట్టు గీస్తే నిండుగా మట్టలతో గియ్యండి. మొవ్వు విరిగిన మోడు గీశారంటే ఇటువైపు వాళ్ళు 2018 తిత్లీ తుఫాను, పరిహారం అనుకుంటారు. అసలు చెట్టే అక్కర్లేదేమో.

కోట_జంక్షన్

ఒప్పుకున్నాను. పారే. బిందె తీసెయ్యండి.

సన్ననూలు (పొందూరు)

గీతలు తెగడం, ముద్దవడం గురించి. రెండింటికీ కారణం ఒకటే: మీరు గీసే సైజులో చూసి సరిపోయిందనుకుంటున్నారు, అచ్చయ్యేది వేరే సైజులో.

12 × 9కి ఒకటిన్నర రెట్లు, అంటే 18 × 13.5లో గియ్యండి. ఏ4 కాగితం అడ్డంగా పెడితే చుట్టూ అంచు మిగులుతుంది. రెండింతలు గీస్తే చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది నిజమే, కానీ కొత్తలో ఆ ఖాళీ చూసి వివరాలు కూరేస్తారు. ఒకటిన్నర దాటకండి.

ఇక గీత మందం. 18 నుంచి 12కి తగ్గితే ప్రతి గీతా మూడింట రెండొంతులవుతుంది. 0.8 పెన్ను గీత అచ్చులో 0.53 మిల్లీమీటర్లు, 0.5 గీత 0.33, 0.3 గీత 0.2. 0.1 పెన్ను గీత 0.07కి పడిపోతుంది. న్యూస్‌ప్రింట్ మీద అది అక్కడక్కడ పడి అక్కడక్కడ పోతుంది, మీరు చెప్పిన తెగిన గీతలు అవే. మనుషుల బయటి గీత 0.8, బట్టల మడతలు 0.5, దూరంగా ఉన్న గట్టు 0.3. అంతకన్నా సన్నం వాడకండి. ఒకే మందంతో అన్నీ గీస్తే ముందున్నదీ వెనకున్నదీ ఒకే గోడకి అంటించినట్టుంటాయి.

మసి ముద్ద ఎందుకంటే, న్యూస్‌ప్రింట్ సిరా పీల్చుకుంటుంది, పీల్చుకున్న సిరా పక్కకి పాకుతుంది. అడ్డగీతలతో నీడ వేసేటప్పుడు రెండు గీతల మధ్య ఖాళీ గీత మందానికి కనీసం మూడింతలుండాలి. 0.3 గీతలైతే మధ్యలో ఒక మిల్లీమీటరు. గీతల మీద గీతలు మూడు వరసలు వెయ్యొద్దు, రెండు చాలు. కంప్యూటర్లో బూడిదరంగు నింపేవాళ్ళకీ ఇదే లెక్క: 50 శాతం అని పెట్టింది కాగితం మీద 75 దగ్గరగా కనపడుతుంది. 15, 35 రెండే రంగులు పెట్టుకుంటే తేడా నిలబడుతుంది.

కాగితం: ఐవరీ కార్డు, లేదంటే మందపాటి కార్ట్రిడ్జ్. చౌక కార్ట్రిడ్జ్ మీద సిరా నూలుపోగుల్లా పాకుతుంది, వానాకాలంలో మరీనూ. మన తీరప్రాంతం తేమకి కాగితమే మెత్తబడిపోతుంది. పాలిథీన్ కవర్లో దాచి, వాడేముందు ఫ్యాన్ కింద పది నిమిషాలు పెట్టండి. ముందు మూలన ఒక గీత గీసి చూడండి, అంచు మెత్తగా విప్పుకుంటే ఆ కాగితం రఫ్‌కి వాడుకోండి.

పెన్సిలు హెచ్‌బీ, తేలిగ్గా. సిరా వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు. డ్రాయింగ్ నిబ్బుతో గానీ 2 లేదా 3వ నెంబరు గుండ్రటి కుంచెతో గానీ. కుంచె గీతలో నొక్కు వస్తుంది, లావు సన్నం ఒకే ఊపులో. పెన్నులతో అది రాదు, కానీ కుంచె లొంగాలంటే నెలలు పడుతుంది. ఈ సంచికకి ఫైన్‌లైనర్లే (పైన చెప్పిన 0.3, 0.5, 0.8 పెన్నులు) వాడండి. జెల్ పెన్ను వద్దు. రబ్బరు తగిలితే పాకుతుంది, నలుపు నింపిన చోట స్కానర్ కాంతికి మెరుస్తుంది.

సిరా వేశాక కనీసం అరగంట ఆగి పెన్సిల్ గీతలు చెరపండి. మెత్తటి రబ్బరు, ఒకే వైపుకి. అటూ ఇటూ రుద్దితే నలుపు కాస్తా బూడిదవుతుంది. తప్పు పోతే తెల్ల పోస్టర్ కలరుతో మూసి, ఆరాక దానిమీద గియ్యొచ్చు.

ఇప్పుడు మీ బొమ్మకి ముఖ్యమైనది. పిల్లకాలువలో నలుపు నింపకండి! తవ్విన గుంత కదా నల్లగా ఉంటుందిలే అనిపిస్తుంది. నలుపు తెలుపు బొమ్మలో కాలువ ఆకారంలో నింపిన నలుపు నీళ్ళలాగే కనపడుతుంది, జోకు అక్కడికక్కడే చచ్చిపోతుంది. గుంత తెల్లగా వదిలేసి, రెండు అంచులకీ మట్టి పెళ్ళలు, లోపల రెండు మూడు బీటలు. గట్టు మీద మనిషి చేతికి ఒక గొడుగు ఇచ్చి ముదురు నలుపు దానికి పెట్టండి, ఇంకొంచెం పార తలకి. రెండు చోట్లే. కన్ను గొడుగు దగ్గర మాట చదివి పార దగ్గరకి దిగుతుంది.

బీటలు కూడా గీతలు గీతలుగా గీకెయ్యకండి. అయిదారు మూలల పెంకులు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉండాలి. ముందు భాగంలో బొటనవేలి గోరంత, వెనక్కి పోయేకొద్దీ చిన్నవి, ఫ్లెక్సు అడుగుకి వచ్చేసరికి చుక్కలు. మొత్తం పదిహేను దాటితే కంటికి బీట కాకుండా వల కనపడుతుంది.

స్కానింగ్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో. 18 సెంటీమీటర్లు అంటే సుమారు 4250 పిక్సెళ్ళు, 12కి తగ్గాక 900 డీపీఐ అవుతుంది, సరిపోతుంది. తర్వాత థ్రెషోల్డ్, అంటే ఏ బూడిద నలుపవ్వాలి, ఏది తెలుపవ్వాలి అని విడదీసే హద్దు. 128 దగ్గర మొదలుపెట్టండి. పెంచితే గీత లావై పెన్సిల్ మరకలు కూడా లేస్తాయి, తగ్గిస్తే సన్న గీతలు తెగుతాయి. బూడిదరంగు ఎక్కడా లేకపోతే బిట్‌మ్యాప్‌గా (నలుపు, తెలుపు రెండే ఉండే బొమ్మగా) మార్చి టిఫ్ ఫైలుగా దాచండి. గ్రేస్కేల్‌గానే పంపితే గీత అంచున ఉన్న బూడిద పిక్సెళ్ళు ప్రెస్సులో చుక్కలుగా విడిపోయి, గీత రంపంలా వస్తుంది.

స్కానర్ లేకపోతే కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టి తియ్యండి. వంకరగా తీస్తే చదరం ఫ్రేము ఒక వైపు సన్నబడుతుంది.

నాగావళి_గట్టు

ధన్యవాదాలు అందరికీ. పార ఖాయం చేసుకున్నాను. ఇంకో మూడు. ఒకటి, బెలూన్‌లో అక్షరాలు చేత్తో రాస్తే అచ్చులో చదవలేకపోతున్నారు, ఫోటోషాప్‌లో టైపు చేస్తే వత్తులు విడిపోతున్నాయి. రెండు, ఫ్లెక్సు మూలన ముఖం అంత చిన్నగా ఎవరో తెలిసేలా ఎలా? మూడు, ఫ్లెక్సు బదులు సిరిమాను (విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించే పొడవాటి మాను) మీద నాయకుడు కూర్చున్నట్టు గీస్తే ఇంకా గట్టిగా ఉంటుందని మిత్రుడొకడు అంటున్నాడు. ఏమంటారు?

గుణింతం (శ్రీకాకుళం)

అక్షరాల గురించి నేను చెప్తాను.

ఇంగ్లీషు కార్టూన్లు చూసి బెలూన్ కొలత తీసుకుంటే తెలుగు పట్టదు. మనకి పైన గుడులూ తలకట్లూ, కింద వత్తులూ ఉంటాయి. పెన్సిల్‌తో మూడు గీతలు కొట్టుకోండి: తలకట్టు గీత, అక్షరం కూర్చునే గీత, వత్తు దిగే గీత. మీరు గీసే సైజులో అక్షరం ఎత్తు నాలుగున్నర మిల్లీమీటర్లు, అచ్చులో మూడొస్తుంది. వరసకీ వరసకీ మధ్య ఇంకో నాలుగున్నర ఖాళీ. అది లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుకుంటుంది.

ముందు అక్షరాలు, తర్వాత వాటి చుట్టూ బెలూన్. అందరూ తిరగేసి చేస్తారు, చివరి మాట ఇరుక్కుని వంగిపోతుంది.

అచ్చులో చదవలేకపోవడానికి కారణం సాధారణంగా అక్షరం పొట్టలు మూసుకుపోవడం. థ లోపలి చుక్క, ధ కింది గీత ముద్దయితే రెండూ ద లాగే ఉంటాయి. ష, ఘ, ఝ కూడా అంతే. చేత్తో రాసేటప్పుడు పొట్టలు అసలుకన్నా కొంచెం పెద్దవిగా రాయండి, పెన్ను 0.5 చాలు. “పారిందేటి బావా” లో అలాంటి అక్షరాలు లేవు, మీ అదృష్టం.

ఫోటోషాప్‌లో యూనికోడ్ వత్తులు విడిపోతే తప్పు ఫాంటుది కాదు. కొన్నేళ్ళ కిందటి వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఔట్ ఎంచుకోవాలి. చాలా పాత వెర్షన్లో ఆ ఎంపికే ఉండదు. అను ఫాంట్లు (యూనికోడ్ కానివి) వాడితే వత్తులు నిలబడతాయి గానీ, అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే చెత్త అక్షరాలు వస్తాయి. ఏది వాడినా చివరికి అక్షరాల్ని బొమ్మగా మార్చే పంపండి. ఉచిత యూనికోడ్ ఫాంట్లలో గిడుగు వారి పేరుతో ఒకటి, గురజాడ వారి పేరుతో ఒకటి ఉన్నాయి. వాటితో గ్రాంథికం రాయకుంటే చాలు.

ఫ్లెక్సు మీద మాత్రం టైపు అక్షరాలే బాగుంటాయి, బెలూన్‌లో చేతిరాత. ఒకటి అచ్చు మాట, ఒకటి నోటి మాట అని వేరే చెప్పక్కర్లేదు.

యాస గురించి ఒక జాగ్రత్త. నాయకుడు శుభ్రమైన పుస్తక భాషలోనూ రైతు యాసలోనూ మాట్లాడితే నవ్వు రైతు మీదకి పోతుంది. ఇక్కడ నాయకుడికి మాటే లేదు, ఇద్దరు రైతులూ ఒకే యాస. సరిపోయింది. “పారిందేటి” చాలు, ప్రతి మాటనీ విరిచి రాయొద్దు.

కోట_జంక్షన్

ముఖం సంగతి. 12 సెంటీమీటర్ల బొమ్మలో ఫ్లెక్సు మూలన ముఖానికి మీకు దొరికేది సెంటీమీటరున్నర. అందులో కనుబొమలు, పెదాలు, ముడతలు అన్నీ పట్టించలేం. రెండే గుర్తులు తీసుకోండి.

వేరువేరు వైపుల నుంచి తీసిన ఫోటోలు ఆరేడు ముందు పెట్టుకోండి. ఒకే ఫోటో చూసి గీస్తే ఆ ఫోటో వస్తుంది, మనిషి రాడు. నుదుటి జుట్టు నుంచి కనుబొమ, కనుబొమ నుంచి ముక్కు చివర, అక్కణ్ణుంచి గడ్డం. మామూలుగా ఈ మూడూ దాదాపు సమానం. ఆయనకి ఏది సమానంగా లేదో అదే కార్టూన్. గడ్డం భాగం కొంచెం పొడవైతే మీరు ఇంకొంచెం సాగదియ్యండి, ఆ మేరకి నుదురు కుదించండి. అన్నీ పెంచితే ఏదీ పెరగనట్టే. రెండో గుర్తు కళ్ళజోడు, జుట్టు పాపిట, మీసం కోత, కండువా వేసుకునే తీరు, ఏదో ఒకటి. ఒంటిరంగు, అంగవైకల్యం, కులాన్ని చూపే గుర్తులు ముట్టుకోకండి.

పరీక్ష: ముఖాన్ని పూర్తిగా నల్లగా నింపేసి నీడబొమ్మ చెయ్యండి. అప్పుడూ పోల్చుకోగలిగితే పోలిక కుదిరింది. తర్వాత కాగితం తిప్పి వెనకనుంచి వెలుగులో చూడండి, ఒక కన్ను దిగిపోయి ఉంటే అప్పుడు తెలుస్తుంది.

అయినా మీ విషయానికి ఫలానా ముఖమే కావాలా? శివారుకి నీరందకపోవడం ఒక్కరి హయాంలో మొదలైనది కాదు. కండువా, దండం, తెల్ల చొక్కా ఉన్న ‘నాయకుడు’ చాలు. పేరు పెట్టి కొట్టాలంటే ఆ మనిషి చేసిన ఆ పనికి కాగితం మీద ఆధారం ఉండాలి.

సిరిమాను వద్దు. అక్కడ కూర్చునేది పైడితల్లి అమ్మవారి ప్రతిరూపంగా పూజారి. ఆ స్థానంలో నాయకుణ్ణి పెడితే విజయనగరంలో ఎవరూ కాలువ గురించి మాట్లాడరు, సిరిమాను గురించే మాట్లాడతారు. పోలిక విషయాన్ని మింగేస్తుంది. పైగా సిరిమానుకీ నీటికీ సంబంధమేమిటి?

ఉద్దానం_కొబ్బరి

మ్యాపు తీసేసి మంచి పని చేశారు. పాత జిల్లా మ్యాపు చూసి గీసుంటే తప్పైపోయేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళిపోయాయి.

ఫ్లెక్సు మీద రాష్ట్ర చిహ్నం, జాతీయ చిహ్నం గియ్యకండి. జాతీయ చిహ్నం వాడకానికి 2005 చట్టం ఉంది, జెండాకి 1971 చట్టం. కార్టూన్లో ఆ రెండూ లేకపోతే పోయేదేమీ లేదు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్లో ఉంది, 2024 జూలైకి ముందు ఐపీసీ 499, 500. కార్టూన్లు ఆన్‌లైన్లో పెడితే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కేసు అని ఇప్పటికీ కొందరు బెదిరిస్తారు. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆయన అనని మాట ఆయన బెలూన్‌లో కొటేషన్లా పెట్టకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. “చివరి మడికీ నీరు!” అనేది ఎవరి మాటా కాదు గనక పరవాలేదు.

పంపే ముందు నీరు నిజంగా రాలేదో కనుక్కోండి బాబూ. రఫ్ గీసిన రోజున రాకపోయినా, అచ్చయ్యే రోజుకి ఊడుపులకి వదిలేస్తే ఫ్లెక్సు వాళ్ళదే గెలుపు.

సన్ననూలు

ఫైలు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే సైజు తగ్గించి, గీత అంచుల్లో మరకలు పెడుతుంది. స్కానింగ్‌లో పడ్డ కష్టమంతా నీళ్ళపాలు. (మీ కాలువలో లేనిది అక్కడైనా దొరుకుతుంది.)

దానికి ముందు ఒక ప్రింటు 12 సెంటీమీటర్ల వెడల్పులో తీసి, పాత న్యూస్‌పేపరు మీద ఆ చోట పెట్టి, చేతులు చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. చుట్టూ వార్తల అక్షరాల మధ్య గొడుగు, పార కనపడాలి. కనపడకపోతే మిగతావి పల్చబడాలి, గొడుగూ పారా లావు కాకూడదు.

నాగావళి_గట్టు

చేస్తాను. ఆఖరి ప్రశ్న. ఫ్లెక్సులో ఉరకలేసే నీళ్ళు ఎన్ని గీతల్లో గియ్యాలి? నింపేకొద్దీ జుట్టులా అవుతోంది.

సన్ననూలు

పై అంచు నుంచి కింది అంచుకి జారే గీతలు అయిదు, పడ్డ చోట నురగకి మూడు సున్నాలు. గీతలు ఫ్లెక్సు అంచు దగ్గర ఖచ్చితంగా ఆగిపోవాలి. ఒక్క గీత అంచు దాటినా నీరు వచ్చేసినట్టే.